లెక్కకు ఎక్కని ఊపిరి

ప్రభుత్వ దృష్టిలో రిజిస్టరుకు ఎక్కని బాధ బాధే కాదు. ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవాడిగా ఈ మాట అంటున్నాను. మన ఇళ్ళలో ‘దమ్మా’ అని పిలుచుకునే ఉబ్బసం అటువంటి బాధే.

మధురానగర్ అపార్టుమెంట్లకూ బోరబండ ఇరుకు గదులకూ నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. అమీర్‌పేట, పంజాగుట్ట రహదారుల పొగ అందరికీ ఉన్నదే. కానీ వంటా పడకా ఒకే గదిలో సాగే ఇంట్లో దానికి చెమ్మగోడల బూజు, దోమల చుట్ట పొగ, బొద్దింకలు తోడవుతాయి. ఇవన్నీ ఉబ్బసాన్ని రేపేవేనని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది.

ఏ బస్తీలో ఎందరు పిల్లలు రాత్రిళ్ళు నిద్రలేక రొప్పుతున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు జిల్లా కంటే కిందికి దిగవు. మధురానగర్, చాంద్రాయణగుట్ట రెండూ హైదరాబాదు జిల్లాలోనివే. జిల్లా సగటు అనే దుప్పటి కింద బస్తీ బిడ్డ దగ్గు వినబడదు.

ఉబ్బసం వంశపారంపర్యమని కొందరు తప్పించుకుంటారు. వంశం పాత్ర కొంత ఉన్నమాట నిజమే. కానీ నిద్రాణమైన జబ్బును లేపేది గాలి, గోడ, పొగ. వాటిని మార్చడం పాలకుల చేతిలో ఉన్నది. సన్నని ధూళికణాలు ఘనపు మీటరుకు ఏటా సగటున 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం అనుమతించే హద్దు 40.

న్యూయార్కు నగరం ఉబ్బసంతో అత్యవసర విభాగానికి వచ్చేవారి లెక్కను పేటలవారీగా ప్రకటిస్తుంది. పేదలు అధికంగా ఉండే బ్రాంక్స్ ఎంతగా నలుగుతున్నదో అందువల్లనే లోకానికి తెలిసింది. మనకూ ఇది కొత్త పాఠం కాదు. 2006లో సచార్ కమిటీ అంకెలు బయటపెట్టిన తరువాతనే మన వెనుకబాటును కాదనడం ఎవరికైనా కష్టమైంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ప్రతి బస్తీ దవాఖానా ఉబ్బస రోగుల సంఖ్యను నివాస ప్రాంతంతో సహా నమోదు చేసి, ఏటా ప్రకటించాలి. ఇన్‌హేలర్లు అక్కడే ఉచితంగా, నిరంతరంగా అందాలి. గాలిని కొలిచే యంత్రాలు సనత్‌నగర్, జూపార్కు వంటి కొన్ని చోట్లకే పరిమితం కాక బస్తీల నడుమకు రావాలి.

సోదర సోదరీమణులారా, అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. మస్జిద్ కమిటీలు, యువకులు గడప గడపకు వెళ్ళి మూడే ప్రశ్నలు అడగండి: రాత్రి దగ్గు ఎవరికి? పిల్లికూతలు ఎవరికి? బడి మానుతున్న బిడ్డ ఎవరు? ఆ జాబితాను అర్జీకి జతచేసి, అందినట్లు రసీదు తీసుకోండి. ఉత్త మొరను పక్కన పెట్టగలరు. పేరూ గల్లీ ఉన్న జాబితాకు జవాబు చెప్పక తప్పదు.