పాట పోతుంది, రేటు పడుతుంది

బడిలో పర్యాయపదాలు నేర్పేటప్పుడు ఇల్లు, గృహం, సదనం, కొంప అన్నీ ఒకటేనని చెబుతారు. పరీక్షలో మార్కు కూడా పడుతుంది. కానీ కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు అది గృహం, ఆ ఇంటి అప్పు తీర్చలేని రోజు అది కొంప. గృహం మునిగిందని ఏడ్చినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. ఒకే పని చేసే రెండు మాటల్ని జనం ఎక్కువ కాలం మొయ్యరు. రెండూ బతికి ఉన్నాయంటే, ఆ తేడాతో ఎవరికో అవసరం ఉందన్నమాట.

నమ్మకం లేకపోతే మిర్చి సీజన్లో ఒక పొద్దున ఖమ్మం మార్కెట్ యార్డుకు వెళ్లండి. బస్తాల మధ్య రైతులు ఒకరినొకరు రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "జెండా పాట ఎంత పోయింది?" అనేది ఒకటి. "నీకెంత పడ్డది?" అనేది రెండోది. బయటివాడికి రెండూ ధర గురించే. యార్డులో మాత్రం పాట పోతుంది, రేటు పడుతుంది. ఖరీదుదార్లంతా చేరి ఒక మేలైన సరుకు మీద పాడితే తేలేది జెండా పాట. మర్నాడు పేపర్లో వచ్చే అంకె అదే. పడేది రైతు ఇంటికి పట్టుకెళ్లేది. ఆ రెండు క్రియల మధ్య క్వింటాకు వేల రూపాయల దూరం ఉండొచ్చు. పక్కనే 'తాలు' అని ఇంకో మాట వినిపిస్తుంది. వడ్లలో తాలంటే లోపల గింజ లేనిది. మిర్చి తాలులో గింజా ఉంటుంది, కారమూ ఉంటుంది, పోయింది రంగొక్కటే. అయినా కాయను తాలు అన్న క్షణంలోనే దాని వెల కూలిపోతుంది. ఆ మాట అనే అధికారం పండించినవాడికి లేదు, కొనేవాడికి ఉంది. మాట ఎవరి నోట్లో ఉందన్నది దాని అర్థంలో భాగం కాదని ఏ పండితుడైనా అంటే, ఆయన్ని ఒక బస్తా కాయలతో ఈ యార్డులో నిలబెట్టాలి.

ఇదే యార్డులో ఎల్లందు దిక్కు రైతు "అమ్మిండు" అంటాడు, మధిర వైపు రైతు "అమ్మాడు" అంటాడు. 1953లో వరంగల్ నుంచి విడదీసి చేసిన జిల్లా ఖమ్మం. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం, నూగూరు తాలూకాలు వచ్చి కలిశాయి. అందుకే హైదరాబాద్‌లో ఖమ్మం మనిషిని ఆంధ్రా అని ఆటపట్టిస్తారు, బెజవాడలో తెలంగాణ అంటారు. దీన్ని సగం సగం భాష అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. రెండు నిండు భాషలున్న ఇళ్లివి. అత్త ఎల్లందు, కోడలు మధిర అయిన ఇంట్లో తొక్కు, పచ్చడి కొట్టుకు చావవు. ఏడాదికి జాడీలో పెట్టేది తొక్కవుతుంది, ఆ పూటకు రోట్లో నూరేది పచ్చడవుతుంది. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చి, సేద్యంలోని ఒక్కో వస్తువును ఏ ప్రాంతంలో ఏమంటారో చూపించారు. గొప్ప పని. అయితే ఒకే ఇంట్లో రెండు మాటలూ ఉంటే ఏది ఎప్పుడు బయటికొస్తుందో ఏ పదకోశానికీ అందదు.

ప్రభుత్వాలకైతే ఆ గొడవే లేదు, అవి మాటల్ని తేలిగ్గా మార్చేస్తాయి. 2014లో రాష్ట్ర విభజనతో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రకు వెళ్లింది. రైతుకిచ్చే డబ్బు 2019 నుంచి అటువైపు రైతు భరోసా, ఇటువైపు రైతుబంధు. 2025కల్లా ఇటువైపుది రైతు భరోసా అయింది, అటువైపుది అన్నదాత సుఖీభవ అయింది. భరోసా ఏ పడవా ఎక్కకుండా సరిహద్దు దాటింది. రైతులు మాత్రం రెండు వైపులా "పైసలు పడ్డయా?" అనే అడుగుతున్నారు.

అడవి దగ్గరపడేకొద్దీ ఈ మాటల సంగతి నవ్వులాటగా మిగలదు. తెలంగాణ మైదానంలో దొర అంటే గడీ, వెట్టి. ఏజెన్సీలో దొర అంటే కోయ మనిషి. మైదానంలో రెడ్డి అంటే భూములున్నవాడు. అశ్వారావుపేట, కూనవరం గుట్టల మీద కొండరెడ్డి అంటే వెదురు నరికి తట్టలల్లుకునేవాడు. ప్రభుత్వ లెక్కల్లో అతి బలహీన ఆదిమ తెగ. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. పేర్లలో ఇంత పెద్దరికం ఉన్నా సంతలో అది చెల్లదు. షావుకారు "ఏం దొరా, ఇప్పపువ్వు తెచ్చినవా?" అంటాడు. దొరా అంటూనే ఏకవచనం. గడీలో దొరను అలా పిలిచి బతికి బట్టకట్టినవాడు లేడు.

ఇక పోడు. అడవిలో చెట్టు కొట్టి, కాల్చి, చల్లుకునే సేద్యానికి కోయవాళ్ల నోట ఉన్న మాట అది. కాగితం మీద దానికి జంటమాట ఆక్రమణ. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గీతగా పెట్టింది. ఆలోపు సాగులో ఉన్న గిరిజనుడిది హక్కు, ఆ తర్వాత కొట్టినది ఆక్రమణ. 2023లో తెలంగాణలో పట్టాలిచ్చినప్పుడు పోడు అన్న మాటకే సర్కారు గౌరవం దక్కింది, పోడు పట్టాలనే అన్నారు. సంతోషమే. కానీ మావోయిస్టుల మీదికి నడిపిన సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి, ఇక్కడి అడవుల్లో గుంపులు కట్టుకున్న వాళ్లు గీతకు అవతల పడ్డారు. వాళ్లు కొట్టేదీ పోడే, చల్లేదీ ఆ గింజలే. వాళ్లను ఇక్కడ గొత్తికోయలంటారు. వాళ్లు పెట్టుకున్న పేరు కాదది. సొంత రాష్ట్రంలో వాళ్లు షెడ్యూల్డ్ తెగ. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోయ పేరు కింద డోలికోయ, కమ్మరకోయ, లింగధారికోయ, రాజకోయ ఉన్నాయి. గుట్టకోయ కూడా ఉంది. గొత్తికోయ లేదు.