జేబుకత్తికి పూచీకత్తు

కత్తికి పూచీకత్తు ఎవరు? శ్లేష కోసం వేసిన ప్రశ్న కాదిది. వస్తువును తయారుచేసినవారు దానికి ఎంతకాలం, ఏ రూపంలో పూచీ పడాలన్నది కొన్ని నెలలుగా నన్ను ఆలోచింపజేస్తున్న విషయం. బ్లాగ్మిత్రులతో పంచుకోవాలనిపించింది.

పదవీవిరమణనాడు తోటి ఉపాధ్యాయులు నాకొక మడతకత్తిని కానుకగా ఇచ్చారు. పిడిమీద నా పేరు, పాఠశాల పేరు చెక్కించారు. జవాబుపత్రాల కట్టల పురికొసలు కోయడానికి చిరకాలం చాకు వాడినవాడినని వారెరుగుదురు. మా గాజువాకకు వీచే సముద్రపు గాలిలో మామూలు ఇనుప చాకు ఒక్క వర్షాకాలానికే ఎర్రబడుతుంది. ఇది మాత్రం నేటికీ మెరుస్తూనే ఉన్నది. అయితే ఈమధ్య కీలు దగ్గరి మేకు వదులై, అలుగు ఊగిసలాడసాగింది. పెట్టెలోని కాగితంమీద “జీవితకాలపు హామీ” అని ఉండడంచేత తయారీసంస్థకు లేఖ వ్రాశాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం.

మొదటి జవాబు యంత్రం పంపినది. రెండవది కొనుగోలు రసీదు పంపమన్నది. కానుక ఇచ్చేవారు రసీదు కూడా జతచేసి ఇస్తారా? మూడవ జవాబు మాత్రం ఒక మనిషి వ్రాసినది, మర్యాదగానే ఉన్నది. పాత కత్తి పంపితే క్రొత్తది ఇస్తారట. పాతది తిరిగి రాదట. మరమ్మతు చేసే ఏర్పాటు వారివద్ద లేదట. బయటివారు విప్పితే హామీ చెల్లదట!

ఇందులో మోసమున్నదని నేననను. తపాలా ఖర్చు, పనివాని కూలి కలిపితే క్రొత్త కత్తి ఖరీదును మించవచ్చును. వ్యాపారి లెక్క వ్యాపారిది. కాని ఆ హామీ నా చేతిలోని వస్తువుకా, లేక ఆ నమూనాకా? నమూనాకే అయితే క్రొత్తది ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. వస్తువుకే అయితే దానిని బాగుచేసి ఇవ్వాలి. పిడిమీద చెక్కిన పేర్లను ఏ క్రొత్త కత్తీ తీసుకొనిరాలేదు.

ఇది సాధ్యం కాని కోరికా? స్విట్జర్లాండులోని ఇబాక్‌లో 1884లో కార్ల్ ఎల్సెనర్ ప్రారంభించిన కత్తుల కర్మాగారం నేటికీ నడుస్తున్నది. తల్లి విక్టోరియా 1909లో మరణించగా ఆయన ఆమె పేరునే సంస్థకు పెట్టుకొన్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ దానికి చేరి ‘విక్టోరినాక్స్’ అయింది. తల్లిపేరు, లోహంపేరు కలిసిన చక్కని సమాసం! పదార్థంలోని, పనితనంలోని లోపాలకు ఆ సంస్థ కాలపరిమితి లేని హామీ ఇస్తుంది; అరుగుదలకు, దుర్వినియోగానికి అది వర్తించదని ముందే చెబుతుంది. దానితోపాటు మరమ్మతూ చేస్తుంది. పిడి రేకులు, చిమ్మట వంటి భాగాలు విడిగానూ దొరుకుతాయి.

మన చట్టం కూడా కొనుగోలుదారును మరువలేదు. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవారి సమ్మతితో వస్తువును వాడుకొనేవారూ వినియోగదారులే. అంటే కానుక పుచ్చుకొన్న నేను పరాయివాడిని కాను. సంస్థ ఏ మహానగరంలో ఉన్నా మనం నివసించే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. సలహాకు 1915 సంఖ్య ఉన్నది. అయితే కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరు 24న ప్రారంభించిన ‘మరమ్మతు హక్కు’ జాలస్థలికి ఎంచుకొన్నవి నాలుగే రంగాలు: వ్యవసాయ పరికరాలు, చరవాణులు–ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు. పాపం, చాకు వంటి అల్పజీవికి చోటెక్కడిది?

మా వీధిలోనికి సానబండితో వచ్చే అతనికి కత్తి చూపించాను. “మాస్టారూ, రెండు దెబ్బలు కొడితే బిగుస్తుంది” అన్నాడు. ఐదు నిమిషాల పని. అది చేయిస్తే జీవితకాలపు హామీ రద్దవుతుంది! చేయవలసినవారు చేయరు, చేయగలవానిని చేయనివ్వరు. నాకు అభ్యంతరం ఈ నిబంధనమీదనే.

సంస్థలు చేయవలసినది పెద్దదేమీ కాదు. మరమ్మతు తమకు కుదరకపోతే మేకును, స్ప్రింగును విడిగా అమ్మాలి. స్థానిక పనివాడు బిగించినంత మాత్రాన హామీ మొత్తాన్ని రద్దుచేయక, అతడు చెయ్యిపెట్టిన భాగానికే మినహాయించుకోవాలి. కానుకలకు రసీదు అడగడం మానాలి.

నామటుకు నేను వచ్చే ఆదివారం ఆ కత్తిని సానబండి అతని చేతికే ఇవ్వదలచాను. సంస్థవారి హామీ పోతుంది; మిత్రుల కానుక మిగులుతుంది. మీ ఇళ్ళలోనూ ఇటువంటి హామీకాగితాలు ఉండే ఉంటాయి. వాటిలో ‘మరమ్మతు’ అనే మాట ఎక్కడైనా కనబడిందేమో చూసి చెప్పగలరు.