మూట ఫోనులోకి మారింది... మరి లెక్క?

ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్లలో నేనూ ఒకదాన్ని. నడక పేరుకే, సగం కబుర్లే అనుకోండి. అక్కడే పరిచయమైందావిడ. తార్నాకలో మా వెనక వీధే. ఓ చిన్న ప్రైవేటు బడిలో టీచరు, జీతం పద్నాలుగు వేలు. సాయంత్రాలు, సెలవురోజుల్లో చీరలు, కుర్తీల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్ముతుంటుంది. పోయినేడాది ఓరోజు నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగి, "అక్కా, బడి మానేసి ఇదే చేసుకుందామనుకుంటున్న. మీరేమంటరు?" అంది.

నేనేమనాలి? చక్కగా మానెయ్యమ్మా అంటే రేపు ఇల్లు గడవకపోతే నాదే పాపం. వద్దంటే ఆవిడ ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టు. "ముందు నీ పుస్తకం పట్టుకురా, చూద్దాం" అన్నాను. "పుస్తకమా? అన్నీ ఫోన్లనే ఉంటయి కదక్కా" అంది. ఏ ఊళ్లో ఎవరినడిగినా ఇదే జవాబు! అందుకే ఈవారం ఈ సంగతి రాస్తున్నాను.

అసలు ఇది కొత్త వ్యాపారమేం కాదు. చీరల మూటతో ఇంటింటికీ వచ్చి, మంచం మీద పరిచి చూపించి, వాయిదాల మీద డబ్బు తీసుకున్న ఆంటీలు మనందరికీ తెలుసు. ఆఫీసుల్లో లంచ్ టైములో టిఫిన్ డబ్బా పక్కనే చీరల సంచీ తెరుచుకునేది. ఇప్పుడా మూట ఫోనులోకి మారింది. 2015లో విదిత్ ఆత్రేయ్, సంజీవ్ బర్న్‌వాల్ అనే ఇద్దరు ఐఐటీ పట్టభద్రులు బెంగుళూరులో మొదలుపెట్టిన మీషో ఈ మార్పుకి పెద్ద గుర్తు. మేరీ షాప్ అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది. పెట్టుబడి లేదు, సరుకు ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. ఫోటో పంపడం, ధర మీద మన లాభం వేసుకోవడం, సరుకు వాళ్లే పంపడం. ఇల్లు కదలలేని ఎందరో ఆడవాళ్లకి అది మొదటి సంపాదన అయింది. అది చిన్న విషయం కాదు.

కానీ తర్వాత అదే యాప్‌లో కొనేవాళ్లు నేరుగా కొనడం మొదలుపెట్టారు. మనం 750 చెప్పిన చీర వాళ్ల ఫోన్లోనే 620కి కనిపిస్తుంటే మధ్యలో మనమెందుకు? పైగా "ఏంటి, నా దగ్గరే లాభం వేసుకున్నావా" అని పక్కింటావిడ నిష్టూరం ఒకటి! మా టీచరమ్మకి అదే జరిగింది. అప్పుడావిడ మదీనాకి వెళ్లి హోల్‌సేల్లో తనే సరుకు తేవడం మొదలుపెట్టింది. తార్నాకలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడినుంచి ఆటో.

సరే, ఓ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఆ నెల లెక్క తీశాం. పంపినవి 90. తిరిగొచ్చినవి 14. ఒకరికి రంగు నచ్చలేదు, ఒకరికి సైజు చాల్లేదు, ఒకరైతే పెళ్లికి కట్టుకుని మరీ తిప్పి పంపారు! మిగిలిన 76 మీద ఒక్కోదానికి 150 చొప్పున 11,400. కొరియరు కొన్నవాళ్లే పెట్టుకుంటారు గానీ తిరిగొచ్చినవాటికి రానూపోనూ ఈవిడదే, 1,540. కవర్లు, టేపు 600. రానుపోను చార్జీలు 900. ఫోను 300. మిగిలింది 8,060. అందులో 2,400 బాకీ, "జీతాలొచ్చాక ఇస్తాం" అన్నవాళ్లది. అంటే చేతికొచ్చింది 5,660. "నెలకి పదకొండు వేలొస్తున్నయనుకున్న కదక్కా" అని ఆవిడ ముఖం చిన్నబోయింది.

అక్కడితో ఆగలేదు నేను. రోజుకెన్ని గంటలు పడుతోందని అడిగాను. ఫోటోలు పెట్టడం, "ఇంకో రంగుందా" అన్నవాళ్లకి జవాబులు, ప్యాకింగు, అన్నీ కలిపి ఐదు గంటలు. నెలకి నూట యాభై గంటలు. బాకీలన్నీ వసూలైనా గంటకి యాభైనాలుగు రూపాయలు కూడా పడలేదు. మనం మన గంటలకి ఎప్పుడూ ఖరీదు కట్టం. ఖాళీగా ఉన్నప్పుడే కదా అంటాం. ఆ ఖాళీ ఎప్పుడొచ్చిందో నాకైతే తెలీదు, రాత్రి పదకొండింటికి చీరలు మడతపెట్టడం ఖాళీ ఎలా అవుతుంది?

ఇంకో సంగతి బయటపడింది. డబ్బు కట్టించుకునే క్యూఆర్ కోడు ఆయన ఖాతాది! "ఇంట్లదే కదక్కా, ఏ ఖాతా అయితేంది" అంది. ఏ ఖాతా అయినా ఒకటే అయితే మన ఖాతా ఎందుకు కాకూడదు? ఇది భార్యాభర్తల తగువు కాదు. రేపు బ్యాంకుకి అప్పుకి వెళ్తే లావాదేవీలు ఎవరి పేరు మీదున్నాయో వాళ్లదే వ్యాపారం. 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు కింద యాభై వేల వరకు రుణం ఉంది. ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, 2020 జూలై నుంచి ఉంది. చేయించి పెడతామని డబ్బులడిగేవాళ్లని నమ్మకండి. 2018లో మన రాష్ట్రంలో మొదలైన వీ హబ్ ఆడవాళ్ల వ్యాపారాలకోసమే.

పన్ను మాటెత్తగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. తెలంగాణలో సరుకులమ్మేవారికి ఏడాది అమ్మకం ఇరవై లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో అది నలభై లక్షలు. ఇది లాభం కాదు, మొత్తం అమ్మకం. ఇక మనవాళ్లు తట్టుకుని పడేది ఇక్కడ. తార్నాకనుంచి విజయవాడలో ఉన్న చెల్లెలి స్నేహితురాలికి చీరమ్మితే, 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. రాష్ట్రం దాటి సరుకమ్మితే అమ్మకం ఎంత తక్కువైనా మామూలుగా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కొన్ని హస్తకళల సరుకులకి మినహాయింపుంది, మీ సరుకు అందులో ఉందో లేదో ఆడిటర్ని అడగాలి. 2023 అక్టోబరు నుంచి చిన్న వర్తకులు రిజిస్ట్రేషన్ లేకుండానే, పేరు నమోదు చేసుకుని, సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్ కంపెనీల ద్వారా అమ్ముకోవచ్చు. అలాగే "తిరిగి తీసుకోబడదు" అని పెట్టేస్తే అయిపోదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకుని, బిల్లులో గడువు రాయకపోతే, ముప్పై రోజుల్లోగా తిరిగి తీసుకోవాలి. నచ్చలేదు అన్నది వేరే మాట, ఆ షరతు ముందే రాసి పెట్టుకోవచ్చు.

ఇంతకీ టీచరమ్మ ఏం చేసిందంటారా? బడి మానలేదు. రోజుకి రెండొందల ఫోటోలు పెట్టడం మానింది! రెండే సరుకులు ఉంచుకుంది. క్యాంపస్ హాస్టళ్ల ఆడపిల్లలకి కుర్తీలు, ఇక్కడి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి రోజూ కట్టుకునే కాటన్ చీరలు. మా దగ్గర పోషకాహార సంస్థ, ఐఐసీటీ ఉన్నాయి కదా, కట్టేవాళ్లకి కొదవ లేదు. చీరకి ఫాల్ కుట్టి, పికో చేయించి ఇస్తోంది. ఆ పని యాప్ చెయ్యలేదు. హాస్టలు పిల్లలకి వారానికి రెండు సాయంత్రాలు గేటు దగ్గరే చేతికిస్తుంది, సైజు అక్కడే చూసుకుంటారు కాబట్టి కొరియరూ లేదు, తిరిగి రావడమూ తక్కువే. అప్పు మాత్రం కట్. మొదట్లో ఇద్దరు ముగ్గురు మొహం ముడుచుకున్నారట. వాళ్లలో ఒకావిడ మళ్లీ వచ్చింది, ఈసారి నగదుతో.

క్యూఆర్ కోడు మార్చడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. అడగడానికి మొహమాటమట!

ఆర్నెల్లు వరసగా అన్ని ఖర్చులూ పోను బడి జీతమంత మిగిలితే అప్పుడు రాజీనామా అని ఇద్దరం అనుకున్నాం. నాలుగు నెలలు మిగిలింది. ఐదో నెల వానలు, పరీక్షలు, హాస్టళ్లు ఖాళీ, ఏడు వేలు కూడా రాలేదు. మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలు. "ఇట్లయితే ఎన్నడక్కా?" అంటోంది నడకలో. "సెలవుల్లో ఎవరికమ్ముతావో ముందది చెప్పు" అంటున్నాను. ఇంకా జవాబు దొరకలేదు మా ఇద్దరికీ. మీలో ఎవరైనా ఆ ఖాళీ నెలలు దాటి ఉంటే ఎలా దాటారో, ఎంత మిగిలిందో రూపాయలతో సహా రాయండి. ఆవిడకి చదివి వినిపిస్తాను.