నాకు హక్కుందా?

ఆటల మీద సంపాదకీయం ఏంది, వీళ్ళకు వేరే పనిలేదా అని కొందరు మిత్రులు నవ్వొచ్చు. నవ్వనీండి. మేం రాస్తున్నది కోర్టుల మీద, హక్కుల మీద పిల్లల కోసం తయారైన ఒక వీడియో గేము గురించి. అదీ నవ్వించే గేము. మన పేటలో కోర్టు మాటెత్తితే ఎవరి మొహాన్నయినా నవ్వు చూశామా? సమన్లొచ్చిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే మా ఆఫీసుకొచ్చే హాస్టలు పిల్లలు కంప్యూటర్లో ఈ ఆట పెట్టి పగలబడి నవ్వుతుంటే, మేమూ పక్కన కూర్చున్నాం. తర్వాత మేమే ఆడాం.

ఆట పేరు ‘డు ఐ హావ్ ఎ రైట్?’. నాకు హక్కుందా అని అర్థం. అమెరికా బడిపిల్లలకు అక్కడి రాజ్యాంగం నేర్పడానికి ఐసివిక్స్ అనే సంస్థ తయారు చేసింది. ఆ సంస్థను 2009లో మొదలుపెట్టింది సాండ్రా డే ఓకానర్. 1981లో అమెరికా సుప్రీంకోర్టులో అడుగుపెట్టిన మొట్టమొదటి మహిళా జడ్జి ఆమె. 1952లో స్టాన్‌ఫర్డ్‌లో లా పాసై బయటికొస్తే, ఆడమనిషిని లాయరుగా పెట్టుకోం, కావాలంటే సెక్రటరీగా చేరమన్నారు. 2023లో చనిపోయారు. తలుపు బయట నిలబడ్డం ఎట్లుంటదో కొంచెమైనా తెలిసిన మనిషన్న మాట.

ఆటలో మనదొక లా ఆఫీసు. బొమ్మ మనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. ఒక్కొక్కడూ తన గోడు చెప్పుకుంటాడు. కొన్ని నిజంగా హక్కుల గోడు, కొన్ని వట్టి సొద. రాజ్యాంగం ప్రకారం వీడికి హక్కుందా లేదా అని మనం తేల్చాలి. ఉంటే, ఆ సవరణలో పట్టున్న లాయరుకు అప్పగించాలి. లేకుంటే మర్యాదగా సాగనంపాలి. ఆలస్యం చేస్తే క్లయింటుకు కోపమొచ్చి లేచి వెళ్ళిపోతాడు. సరైన లాయరుకు ఇస్తే కేసు గెలుస్తాం, పాయింట్లొస్తాయి, పాయింట్లతో కొత్త లాయర్లను పెట్టుకుంటాం.

ముందు మంచి చెప్పాలి. హక్కుల చిట్టాను పలక మీద అక్షరాల్లాగా పిల్లల చేతికిచ్చిన ఆట ఇది. ఏ సవరణ దేని గురించో నాలుగు పూటలు ఆడితే నోటికొచ్చేస్తది. మా పిల్లలకు ఇంగ్లీషు అంతంత మాత్రమే, అయినా పట్టుకున్నారు. కోపమొచ్చి లేచిపోయే క్లయింటు మాకు మరీ నచ్చాడు. ఎందుకంటే ఆ ఆటలో ఆలస్యం లాయరు తప్పు, శిక్ష ఆఫీసుకు. మన దగ్గర వాయిదా ఎవరు అడిగినా కూలి పోయేది మనకే, బస్సు చార్జీలు మనవే.

ఇక తప్పులు. ఆ ఆటలో పోలీస్ స్టేషన్ లేదు. సాక్షి లేడు, సాక్షిని బెదిరించే కామందు లేడు. క్లయింటు నేరుగా లా ఆఫీసు కుర్చీలోంచి పుడతాడు. ఆ కుర్చీ దాకా ఎట్లా వచ్చాడన్నది కథలో లేదు. అమెరికాలోనైనా అట్లా ఉందా? 1961లో ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేద తెల్లవాడి మీద దొంగతనం కేసు పెట్టారు. నాకు లాయరుకు డబ్బుల్లేవు, కోర్టే ఒక లాయరును ఇయ్యాలని అడిగితే జడ్జి కుదరదన్నాడు. ఐదేళ్ళు వేశారు. జైల్లో కూర్చొని పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. 1963లో కోర్టు అతని మాటే ఒప్పుకుంది. మళ్ళీ విచారణ చేస్తే, ఈసారి లాయరు ఉన్నాడు గనక, నిర్దోషి అని తేలింది. ఆటలో ఒక్క క్లిక్కుతో జరిగే పని కోసం ఆ మనిషి సుమారు రెండేళ్ళు జైల్లో ఉన్నాడు.

ఇంతకంటె పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ ఆటలో పుస్తకం ముందే అచ్చయిపోయింది. అందులో ఉంటే హక్కు, లేకుంటే లేదు. లేదన్నవాణ్ణి పంపించేస్తే అది సరైన జవాబు. చరిత్రలో ఆ జవాబు ఎవరికి ఇచ్చారో చూడండి. 1846లో డ్రెడ్ స్కాట్ అనే నల్ల బానిస, అతని భార్య హారియట్, మిస్సోరీ రాష్ట్రంలో కోర్టుకెక్కారు. బానిసత్వం లేని నేల మీద బతికినవాళ్ళం, మాకు విడుదల కావాలన్నారు. పదకొండేళ్ళు తిప్పి 1857లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? నల్లవాడు అసలు పౌరుడే కాదు, కోర్టుకొచ్చే హక్కే లేదని. నాకు హక్కుందా అంటే లేదని. ఆనాటి పుస్తకం చేతిలో పెట్టుకుని ఆడితే ఆ జవాబుకు పాయింట్లొచ్చేవేమో! ఆ తర్వాత యుద్ధం జరిగింది, 1865లో పదమూడో సవరణ, 1868లో పద్నాలుగో సవరణ వచ్చాయి. ఈ రోజు పిల్లలు గడగడా చెప్పే ఆ సవరణలు, తలుపు దగ్గర్నుంచి వెళ్ళగొట్టబడ్డవాళ్ళు పుస్తకంలోకి ఎక్కించినవి. ఆట ఆ మాట చెప్పదు.

మనకు ఇది కొత్త సంగతా? మహద్ చెరువు తీసుకోండి. ఆ చెరువు అందరిదీ అని 1924లోనే అక్కడి మున్సిపాలిటీ తీర్మానం చేసింది. కాగితం మీద హక్కుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి దోసెడు నీళ్ళు తాగితే దెబ్బలు పడ్డాయి. ఆ పైన సవర్ణులే బాబాసాహెబ్ మీద దావా వేశారు. నీళ్ళు తాగినవాడు ముద్దాయి! బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పేటప్పటికి 1937 వచ్చింది. పదేళ్ళు. దోసెడు నీళ్ళకు. రాజ్యాంగం రాసే రోజుల్లో ఆయన, హక్కు పోయినవాడు నేరుగా సుప్రీంకోర్టుకు పోయే 32వ అధికరణాన్ని రాజ్యాంగానికే గుండె, ఆత్మ అన్నారంటే ఊరికే అనలేదు.

ఆటలో అప్పీలు కూడా లేదు. గెలిస్తే గెలిచినట్టే. చుండూరు వాళ్ళను అడగండి గెలవడమంటే ఏందో. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికే ఉద్యమం చేయాల్సొచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. పదహారేళ్ళ తర్వాత. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎన్ని పాయింట్లు వేస్తారు దీనికి?

కాబట్టి ఆట పనికిరాదంటామా? అనం. పిల్లల్ని ఆడనీండి. హక్కు పేరు తెలియనివాడు స్టేషన్ మెట్లెక్కి ఏం అడుగుతాడు? నవ్వుతా నేర్చుకున్నది మర్చిపోరు గూడా. మా హాస్టలు పిల్లల్లో ఒకమ్మాయి ఆట మధ్యలో ఆగి, “సార్, ఈయన్ని పంపించేసినాం గదా, ఎక్కడికి పోయిండు?” అని అడిగింది. ఆటలో దానికి జవాబు లేదు. మా దగ్గరా వెంటనే లేకపోయింది.

ఇట్లాంటిది తెలుగులో రావాలి. 14, 15, 17, 21, 32 అధికరణాలతో, 1989 అత్యాచారాల నిరోధక చట్టంతో. ఆ చట్టం రాసినవాళ్ళకు మన స్టేషన్ల సంగతి తెలుసు. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి 4వ సెక్షన్‌లో శిక్ష పెట్టారు. ఆ సెక్షన్ ఎన్నడన్నా వాడారా అని మీ ఊళ్ళో అడిగి చూడండి. ఆట అక్కణ్ణించే మొదలు కావాలి. మొదటి బొమ్మ లా ఆఫీసు కుర్చీ కాదు, స్టేషన్ వరండా. పొద్దున్నుంచి ఒక ముసలామె స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంటది. రైటరు పెన్ను వెతుకుతుంటాడు. ఎస్సైగారు బందోబస్తుకు పోయారంటారు. రాజీ పడమని ఊరి పెద్దమనిషి ఒకడు టీ పట్టుకొస్తాడు. ఆడేవాడి పని, సాయంత్రం లోపల ఆమె చేతికి ఎఫ్ఐఆర్ కాపీ ఇప్పించడం.

కంప్యూటరు చదివి ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు హైదరాబాదులోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. చేయగలిగినవాళ్ళు మాకు రాయండి. రైటరు చెప్పే సాకులు మాత్రం పాఠకులే పంపాలి. మా దగ్గరున్నవి ఇప్పటికి పదిహేడు.