వడ్డించే చేతికి ఎవరు చెప్పారు?

గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే బరువు తగ్గే ఆపరేషన్, చేయించుకుని కొద్ది నెలలైన మనిషి మే నెలలో మా జి. కొండూరులో ఒక చిన్న రసం మామిడిపండు పిండుకుని తాగితే ఏం జరగొచ్చో ముందు చెబుతాను. పావుగంట తిరక్కముందే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. గుండె దడ, ఒళ్లంతా చెమట, కళ్లు తిరగడం. వెంటనే నీళ్ల విరేచనం. ఇంట్లోవాళ్లు గుండెపోటేమోనని హడలిపోతారు. లేదంటే ఎండదెబ్బ అనుకుని గ్లూకోజు కలిపిన నీళ్లు పట్టిస్తారు. ఆ గ్లూకోజు అప్పటికే ఉన్న బాధను రెట్టింపు చేస్తుంది.

డాక్టర్లు దీన్ని డంపింగ్ అంటారు. మామూలు కడుపు చివర ఒక కండరం ఉంటుంది. అది తిన్నదాన్ని కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. బైపాస్‌లో ఆ కండరాన్ని పక్కన పెట్టి, పైభాగంలో మిగిల్చిన 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని నేరుగా పేగుకు కలుపుతారు. చక్కెర నీళ్లు ఒక్కసారిగా పేగులో పడితే దాన్ని పలచన చేయడానికి రక్తంలోని నీరు అటు మళ్లుతుంది. దడ, నీరసం అందుకే. మామిడి గుజ్జు 100 గ్రాముల్లో చక్కెర దాదాపు 14 గ్రాములు. పైగా రసాన్ని మనం నమిలి తినం, తాగుతాం. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత ఇంకో దెబ్బ తగులుతుంది. ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి, షుగరు పడిపోయి, చేతులు వణుకుతాయి, స్పృహ తప్పే పరిస్థితి వస్తుంది. అప్పుడు మాత్రం కొంచెం తీపి ఇవ్వాలి. మొదటి దెబ్బకు ఇవ్వకూడనిది రెండో దెబ్బకు ఇవ్వాలి. ఈ తేడా ఇంట్లో ఎవరికి తెలియాలి? వండి వడ్డించేవాళ్లకి. వాళ్లకు ఎవరూ చెప్పరు. ఈ వారం నా బాధంతా దాని గురించే.

ఈ ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టినప్పటి నుంచి ఇది ఎంతోమందికి నడక తిరిగి ఇచ్చింది, షుగరు మందులు తగ్గించింది. మన అవసరమూ చిన్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో నూటికి 36 మందికి పైగా అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కావలసినవాళ్లు మాత్రం ఉన్నారు. 2020 అక్టోబరు నుంచి అమలైన బీమా నిబంధనల్లో కూడా, బీఎంఐ 40, ఆపైన ఉన్నవాళ్లకూ, 35, ఆపైన ఉండి అదుపులో లేని మధుమేహం లాంటి తీవ్ర జబ్బులున్నవాళ్లకూ డాక్టరు సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌ను ఊబకాయం మినహాయింపు కింద తోసేయకుండా వెసులుబాటు ఇచ్చారు. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటకల్లా చేరే విజయవాడలోనే చేస్తున్నారు. రెండు మూడు గంటల పని, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో. తర్వాత ఒక కాగితం చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ కాగితంలో బ్రకోలీ సూప్, గ్రీక్ యోగర్ట్, గ్రిల్డ్ ఫిష్ అని ఉంటే మా కుంటముక్కలలోనో వెలగలేరులోనో పొయ్యి దగ్గర నిలబడ్డ అత్తగారు దాన్ని ఏం చేసుకోవాలి?

మన పొయ్యి మీద ఉన్నవాటితోనే చెప్పొచ్చు. మొదటి రెండు వారాలు తాగేవే, అంటే పెసరకట్టు, వడగట్టిన పప్పుతేట, వెన్న తీసిన పలచటి మజ్జిగ, పడితే పాలు. తర్వాత రెండు వారాలు మిక్సీలో మెత్తగా తిప్పినవి. ఆపైన మెత్తటి గుడ్డు, ముల్లు తీసిన చేప, చిదిమిన పప్పు, మెత్తటి ఇడ్లీ. రెండు నెలలు గడిచాక మామూలు తిండి. ఒక్కో సర్జన్ లెక్క ఒక్కోలా ఉంటుంది, ఎవరి డాక్టరు మాట వాళ్లు వినాలి. కానీ మా ఇళ్లలో అసలు చిక్కు ఏం పెట్టాలన్న దగ్గర కాదు, ఏ వరసలో పెట్టాలన్న దగ్గర వస్తుంది. ఈ మనిషికి రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరేడు, కప్పు ముద్దపప్పులోనూ అంతే. ఇంకో రకమైన స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలిన గొట్టంలో పట్టేది నూరు, నూటయాభై మిల్లీలీటర్లు. అందులోకి ముందు నాలుగు ముద్దల అన్నం వెళితే పప్పుకు చోటు లేదు. మన భోజనంలో పప్పు అన్నానికి తోడు. ఇకపై అన్నం పప్పుకు తోడు కావాలి. గుడ్డో, పప్పో, చేపముక్కో మొదట, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. మన తెల్లన్నం చాలామందికి ఆ గొట్టంలో ముద్దగా నిలిచిపోతుంది కూడా. నాటుకోడి ముక్క అంతకన్నా మొండిది. ఇరుక్కున్నప్పుడు రొమ్ము మధ్య బిగబట్టినట్టు నొప్పి, నోట్లో నీళ్లూరడం, తెల్లటి నురగ వాంతి. అరగంట సేపు నిదానంగా, నమిలి నమిలి తినమని చెప్పేది అందుకే.

ఇక నీళ్లు. విస్తరి పక్కన గ్లాసు పెట్టకుండా మనం అన్నం వడ్డించం. ఈ మనిషి విస్తరి దగ్గర గ్లాసు ఉండకూడదు. తినేటప్పుడు తాగితే ఉన్న కాస్త చోటూ నిండిపోతుంది, లేదా తిన్నది త్వరగా కిందికి జారిపోతుంది. తిన్నాక అరగంట ఆగి, గుక్క గుక్కగా, రోజంతా. నలభై దాటే మా ఎండల్లో తోటలో కాయ కోయించి వచ్చినవాడికి చెంబెత్తి గటగటా తాగాలనిపిస్తుంది. అలా తాగలేడు. పొద్దున్నుంచీ సీసా చేతిలో ఉంటేనే లీటరున్నర పూర్తవుతుంది. ఆపరేషనైన మొదటి నెలల్లో మళ్లీ ఆసుపత్రి పాలు చేసే వాటిలో నీరు ఇంకిపోవడం ఒకటి, మా ఎండాకాలంలో ఇంకా ముందుంటుంది.

అన్నిటికన్నా కష్టం మన మర్యాద. పెళ్లి భోజనాల్లో ఈ మాటలు నేను విన్నాను: "అదేంటమ్మా, పిట్టలా తింటున్నావు? ఒక్క రసం తింటే ఏమవుద్ది?" "వద్దు పిన్నీ, పడదు." "మా తోటలోదే తల్లీ, మందు కొట్టని కాయ." పిన్ని ప్రేమతోనే అంది. ఆ అమ్మాయి కాదనలేక తాగి, కల్యాణమంటపం వెనక కూర్చుని చెమటలు కక్కింది. ఇంకో రకం మనుషులూ ఉన్నారు. "లక్షలు పోసి కడుపు కోయించుకుంది, నోరు కట్టుకోలేక" అని గొంతు తగ్గించి అంటారు. ఆ మాట తప్పు. ఊబకాయం హార్మోన్లతో, వంశంతో, మందులతో, నిద్రతో ముడిపడిన జబ్బు. ఈ మాటకు భయపడే చాలామంది ఆపరేషన్ సంగతి దాచుకుంటారు. దాచుకుంటే ఏమవుతుందో చూడండి.

ఆపరేషనైన మూడో వారంలో వాంతులు మొదలయ్యాయనుకోండి. నీరసం. ఊళ్లో ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆపరేషన్ సంగతి చెప్పరు. చెప్పినా, "బైపాస్" అంటే ఆయన గుండె అనుకుంటాడు. గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. మన పల్లెల్లో నీరసానికి తెలిసిన వైద్యం అదొక్కటే. అయితే రోజుల తరబడి వాంతులవుతున్న మనిషి ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటి ఉంటుంది. దాని నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. గ్లూకోజును వాడుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. అది లేనివాళ్లకు ముందు గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు రెండుగా కనపడటం, నడక తూలడం, మాట తడబడటం, మతిమరుపు. ఆలస్యమైతే ఆ మతిమరుపు పోదు. ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజు. ఇంత చిన్న వరస తెలియక ఒక మనిషి జీవితమంతా పోగొట్టుకోకూడదు.

మన నేలకు ఈ విటమిన్ లోటు కొత్త కాదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఆ లోటుతో వచ్చే బెరిబెరి పాతుకుపోయిన జబ్బు. 1930ల్లో కూనూరు పోషకాహార పరిశోధనశాల డైరెక్టరు ఐక్రాయిడ్, ఆయన సహచరులు దీని మీద పనిచేశారు. మద్రాసు రాజధానిలో ఉప్పుడు బియ్యం తినే చోట లేని జబ్బు, మరపట్టించిన పచ్చిబియ్యం తినే మన కోస్తాలో ఎందుకుందో తేల్చారు. తవుడుతో పాటు థయమిన్ పోతోంది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తిన్నది ఒంటబట్టకపోవడం ఎంత పని చేస్తుందో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబానికీ తెలుసు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములను తీసుకుపోయింది, ఆయన్నూ పట్టి పీడించింది. 1945లో అమెరికాలో ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందు. బైపాస్‌తో మనం పేగు పీల్చుకునే శక్తిని కావాలని తగ్గిస్తున్నాం. ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి బయటి నుంచి జీవితాంతం ఇవ్వాల్సిందే. బి12 నిల్వ కొన్నేళ్లు వస్తుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. బరువు తగ్గింది, చీర కుచ్చిళ్లు పెరిగాయి, ఇంకెందుకీ మాత్రలని ఆపేస్తారు. రెండు మూడేళ్లకు అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. అప్పటికి ఆపరేషన్ సంగతే మరిచిపోయి నరాల డాక్టరు దగ్గరికి వెళతారు.

ఇవి కాక ఇంకొన్ని బాధలున్నాయి. మూడో నెల నుంచి జుట్టు ఊడటం చాలామందిలో తాత్కాలికమే, ప్రోటీన్, ఐరన్ సరిగా అందితే తిరిగి వస్తుంది. స్లీవ్ అయినవాళ్లకు ఛాతీమంట రావచ్చు, ఆవకాయ దాన్ని ఎగదోస్తుంది. బైపాస్ అయినవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కుట్టు దగ్గర పుండు చేయొచ్చు. మలబద్ధకం కొందరికి, నూనె తేలే విరేచనం, భరించలేని వాసనతో గ్యాసు మరికొందరికి. ఈ చివరివి సిగ్గుతో ఎవరూ చెప్పరు. బస్సెక్కడం మానేసినవాళ్లు, పేరంటాలకు వెళ్లడం మానేసినవాళ్లు ఉంటారు. నూనె, తీపి తగ్గించడం, పాలు పడకపోతే పెరుగుకు మారడం, అవసరమైతే మందు. చెబితే తీరే బాధే.

తిండి మార్చుకోవడం మనవల్ల కాదనే మాట నేను ఒప్పుకోను. ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణ రాజు మాట మీద ఉప్పు మానేసినవాళ్లు, కొవ్వు తిండి ప్రచారం చేసే వీరమాచినేని రామకృష్ణ మాట మీద వారాల తరబడి అన్నం ముట్టనివాళ్లు ఈ బెజవాడ చుట్టూ ఎంతమంది లేరు! కానీ ఆపరేషన్ అయినవాళ్లు ఆ పద్ధతులను తమ డాక్టరును అడక్కుండా నెత్తికెత్తుకోకూడదు. పొద్దున్నే లీటరుకు పైగా నీళ్లు తాగమంటే నూరు మిల్లీలీటర్ల కడుపు ఏం చేస్తుంది? కొవ్వు ప్రధానమైన తిండిని బైపాస్ పేగు ఎలా తట్టుకుంటుంది?

ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి ఆ ఇంట్లో వండే మనిషిని పిలిపించి కూర్చోబెట్టాలి. అత్తగారో, భార్యో, వంటమనిషో, ఎవరైతే వాళ్లను. ప్యాకేజీ ధరలోనే కనీసం అయిదేళ్ల రక్తపరీక్షలు, డైటీషియన్ మాట కలిపి చెప్పాలి, ఎందుకంటే బీమా డబ్బు చాలావరకు ఆపరేషన్‌తోనే ఆగిపోతుంది. తినే కాగితం తెలుగులో, మన వంటలతో ఉండాలి. మామిడికాయ పప్పు ఎప్పటి నుంచి, పండు ఎప్పుడు, ఎన్ని ముక్కలు అన్నది కూడా అందులో రాయాలి. జిల్లాల విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాకు, మేము ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లినా ఎండాకాలంలో రెండు వైపులా ఇంటి నిండా కాయలే. వద్దని ఒక్క ముక్కతో కొట్టేస్తే ఎవరూ పాటించరు. ఆరేడు నెలల తర్వాత, డాక్టరు సరేనంటే, గుడ్డో పప్పో తిన్నాక బంగినపల్లి రెండు ముక్కలు నమిలి తినొచ్చు, రసం పిండుకుని తాగొద్దు అంటే పాటిస్తారు.

మండలంలోని పీహెచ్‌సీ సిబ్బందికీ, ఆర్‌ఎంపీలకూ జిల్లా వైద్యాధికారులు ఒక పూట శిక్షణ ఇస్తే చాలు. రోగి పర్సులో ఒక కార్డు ఉండాలి. దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో: నాకు కడుపుకు బైపాస్ అయింది, గుండెకు కాదు. వాంతులవుతుంటే ముందు థయమిన్ ఇవ్వండి, ఆ తర్వాతే గ్లూకోజు. నొప్పి మాత్రలు ఇచ్చేముందు మా సర్జన్‌ను అడగండి. కింద సర్జన్ ఫోన్ నంబరు. ఈ కార్డు అచ్చు వేయడానికి ఆసుపత్రికి అయ్యే ఖర్చు ఎంత?