నిదానమే ప్రధానం

'నిదానం' అనే మాటకు తెలుగువారు నెమ్మది, ఓర్పు అనే అర్థాలను చెబుతారు. సంస్కృతంలో ఆ పదానికి మూలకారణం అని అర్థం. ఆయుర్వేదంలో అది రోగకారణాన్ని నిర్ణయించే విద్యకు పేరు. మాధవకరుని 'మాధవ నిదానం' ఆ విద్యను బోధించే గ్రంథం. ఓర్పు, కారణాన్వేషణ అనే రెండు భావాలు ఒకే పదంలో ఒదిగి ఉండటం ఎంతో సముచితం. ఓర్పు లేనివాడు కారణాన్ని కనుగొనలేడు. ఈ సత్యం వైద్యునికి ఎంతగా వర్తిస్తుందో, రహదారి పక్కన రేకుల షెడ్డులో పనిచేసే మెకానిక్‌కూ అంతగానే వర్తిస్తుంది.

ఆదిలాబాద్ ప్రాంతం చలికి పేరుపొందింది. కొన్ని సంవత్సరాలలో అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పడిపోతుంది. పల్లెప్రజలు 'ఇగం' అని పిలిచే ఆ చలిలో, ఒక వేకువజామున, ఇచ్చోడ సమీపంలోని ఒక గ్రామం నుండి ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి బయలుదేరవలసి ఉన్నదనుకోవచ్చు. బండి పదిహేనేండ్ల నాటి డీజిల్ పికప్. తాళంచెవి తిప్పితే ఇంజను మేల్కొనదు. చుట్టూ చేరినవారు తలా ఒక తీర్పు చెబుతారు. బ్యాటరీ పోయిందని ఒకరు, సెల్ఫ్ కాలిపోయిందని మరొకరు, డీజిల్ పంపు విప్పాలని ఇంకొకరు అంటారు. ఊహను నమ్మి కొత్త బ్యాటరీ కొంటే, దోషం వేరొకచోట ఉన్నప్పుడు, రైతు చేతిలోని సొమ్ము పోతుంది. బండి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

ఇంజను స్వభావం తెలిసినవాడు అలా తొందరపడడు. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ జయప్రదంగా నడిపి చూపిన ఈ యంత్రంలో ఇంధనాన్ని వెలిగించడానికి విద్యుత్ రవ్వ ఉండదు. సిలిండరులోని గాలి సుమారు ఇరవయ్యో వంతుకు కుదించబడి, ఐదువందల డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ తుంపర అంటుకుంటుంది. కనుక ఇంజను ప్రాణం పోసుకోవడానికి మూడు కావాలి: వేగంగా తిరగడం, ఇంధనం అందడం, తగినంత వేడి పుట్టడం. చలి ఈ మూడింటికీ శత్రువే. అది బ్యాటరీ శక్తిని తగ్గిస్తుంది; ఇంజను నూనెను చిక్కబరుస్తుంది; సిలిండరులోని వేడిని హరిస్తుంది.

మొదటి ప్రశ్న: ఇంజను తిరుగుతున్నదా? తిరగకపోతే ముందుదీపాలు వెలిగించి తాళంచెవి తిప్పాలి. 'టక్' మనే చప్పుడుతో దీపాలు మసకబారితే విద్యుత్తు చాలడం లేదని ప్రాథమికంగా గ్రహించవచ్చు. బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు. టర్మినళ్ళకు తెల్లని పొడి పట్టి ఉండవచ్చు. ఎర్తు తీగ వదులై ఉండవచ్చు. అరుదుగా సెల్ఫ్ మోటారే బిగుసుకొని ఉండవచ్చు. మీటరు పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు చేరిందంటే దాదాపు ఖాళీ అయినట్లే. దీపాలు ఏమాత్రం మసకబారకపోతే దోషం బ్యాటరీలో కాక, స్విచ్చి నుండి సెల్ఫ్ వరకు గల మార్గంలో ఉండే అవకాశమే ఎక్కువ. ఎన్నోసార్లు టర్మినళ్ళను విప్పి, వంటసోడా కలిపిన నీటితో శుభ్రపరచి, బిగించడమే చికిత్స అవుతుంది. విప్పేటప్పుడు మొదట ఋణధ్రువాన్ని విప్పడం, బిగించేటప్పుడు దానిని చివర బిగించడం క్షేమకరం.

రెండవ ప్రశ్న: ఇంజను తిరుగుతున్నా అంటుకోకపోతే పొగగొట్టం ఏమి చెబుతున్నది? పొగ అసలే రాకపోతే డీజిల్ సిలిండరుకు చేరడం లేదన్నమాట. ట్యాంకు, ఫిల్టరు చూడాలి. ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలాలి. గొట్టాలలో గాలి పట్టి ఉంటే ఫిల్టరు మీది మరను వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేవరకు హ్యాండ్ పంపును నొక్కాలి. తెల్లని పొగ వస్తే ఇంధనం చేరుతున్నది గాని మండటం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులున్న ఇంజనులో వాటిని పరీక్షించాలి. అవి సరిగా ఉంటే నాజిళ్ళను, సిలిండరు ఒత్తిడిని పరిశీలించాలి.

పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని తార్కికులు అనుమాన ప్రమాణానికి ఉదాహరణ చెబుతారు. అయితే ఆవిరిని చూసి పొగ అని భ్రమపడరాదని కూడా వారే హెచ్చరించారు. ఇంజను నుండి వెలువడే ఆ తెల్లని పొగ నిజానికి మండని డీజిల్ ఆవిరి. అది నిప్పు లేదని చెప్పే గుర్తు. దానిని చూసిన మెకానిక్ తర్కశాస్త్రం చదవకపోయినా తార్కికుడే. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చైన మరమ్మతు చివర అన్నది అతని సూత్రం.

పాత బండికి ఇంత శ్రమ ఎందుకు, తుక్కుకు వేయరాదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అరిగిపోయి నల్లని పొగ చిమ్మే వాహనం గాలిని కలుషితం చేస్తుంది. బ్రేకులు సరిలేని వాహనం ప్రాణాలు తీస్తుంది. అటువంటివి రహదారి విడిచిపెట్టవలసిందే. కాని 2021లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన తుక్కు విధానం కూడా వయస్సు కంటె సామర్థ్య పరీక్షకే ప్రాధాన్యమిచ్చింది. తీర్పుకు ముందు పరీక్ష ఉండాలన్నదే అక్కడి నీతి కూడా. ఒక టర్మినల్ వదులైనందుకు బండినే పారవేయడం తలనొప్పికి తల తీయించుకోవడం వంటిది.

కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ పట్టణాల షెడ్లలో చేతులకు మసి అంటించుకొని పనిచేసేవారిని చదువురానివారిగా భావించే అలవాటు సమాజంలో ఉంది. ఇది సరిదిద్దుకోవలసిన దోషం. భారతంలో నిషధరాజైన నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథం తోలాడు. అశ్వహృదయం తెలిసిన ఆ విద్య అతని రాచరికానికి మచ్చ కాలేదు. నేడు పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లలో డీజిల్ మెకానిక్ శిక్షణ లభిస్తున్నది. ఆ దారిన వెళ్ళినవారు విద్యకు దూరమైనవారు కారు.

పత్తి బండి ఎదుట నిలిచిన మెకానిక్ మొదట పానా అందుకోడు. వింటాడు, చూస్తాడు, ప్రశ్నిస్తాడు, పరీక్షిస్తాడు. ఆ తరువాతనే విప్పుతాడు. ఏ వృత్తిలో ప్రవేశించినా విద్యార్థులు అలవరచుకోవలసిన క్రమం ఇదే. కారణం తెలియని చికిత్స వ్యర్థం; ఓర్పు లేనివానికి కారణం అందదు. అందుకే పెద్దలు నిదానమే ప్రధానమన్నారు.