గన్ను చవకదైనా ఫరవాలేదు, మాస్కు మాత్రం కాదు

అమ్మ పెళ్ళినాటి స్టీలు బీరువాని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని ఇంట్లో తీర్మానమైపోయింది. తుప్పు పెద్దగా లేదు, రంగే పోయింది. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ రోజు దాని తలుపులు రెండుసార్లు తుడిచింది. ఇక లాభం లేదని రంగు నేనే వేస్తానన్నాను. బ్రష్షుతో వేస్తే రేకు మీద చారలు కనబడతాయి కాబట్టి స్ప్రే గన్ను తప్పదు. అది కొనడంలో నాకు అర్థమైన సంగతులు ఇవీ.

కంప్రెసర్‌తో నడిచే గన్ను చవగ్గా దొరుకుతుంది. చూసి మోసపోకండి, దానికి కావలసిన కంప్రెసర్ గన్నుకి ఎన్నో రెట్లు ఖరీదు. కారు టైర్లకి గాలికొట్టే బుల్లి పంపు దానికి చాలదు. ఏడాదికోసారి వాడే మనలాంటివాళ్ళకి కరెంటుతో నడిచే హెచ్‌వీఎల్‌పీ గన్ను చాలు. అంటే గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. అందుకే రంగు పొగలా ఎగిరిపోకుండా చాలావరకు వస్తువు మీదే పడుతుంది. నాది రెండువేల పైచిలుకు.

పెట్టె మీద వాట్లు పెద్దక్షరాల్లో రాస్తారు. అసలు చూడాల్సింది నాజిల్. ఎనామిల్‌కి 1.5 నుంచి 2 మి.మీ. సరిపోతుంది, చిక్కగా ఉండే గోడల ఎమల్షన్‌కి 2.5 మి.మీ. పైనే కావాలి. పూర్తిగా విప్పి కడగడానికి వీలుందా, విడి నాజిళ్ళు దొరుకుతాయా అన్నది కూడా చూడండి. ఒక్కసారి లోపల రంగు గట్టిపడిందంటే గన్ను మూలన పడ్డట్టే.

గోడల కోసమైతే అసలు కొనకండి. సామానంతా కప్పడానికే రోజంతా పోతుంది. రోలరే నయం. కిటికీ గ్రిల్స్‌కీ దండగే, సగం రంగు సందుల్లోంచి అవతలికి పోతుంది. బీరువా, ఇనుప మంచం తలవైపు రేకు, అల్మరా తలుపులు, ఇలాంటి నున్నటి వెడల్పాటి వాటికే దీని ఉపయోగం.

ఇక అసలు విషయం. రంగుల షాపులో "ఏ థిన్నరైనా ఒకటే సార్" అని ఎన్.సి. థిన్నర్ చేతిలో పెట్టారు. ఒకటి కాదండీ! దాని ఆవిరి మామూలు గది వేడికే అంటుకుంటుంది. కరెంటు గన్నులో మోటారు మన చేతిలోనే తిరుగుతుంటుంది. ఎనామిల్‌కి మినరల్ టర్పెంటైన్ కలపాలి, అదీ ఆరుబయట, దగ్గర్లో పొయ్యీ దీపం లేకుండా. గన్నుతో వచ్చిన మాన్యువల్ చదవకుండా పారేసే అలవాటు నాకూ ఉంది, ఈసారి చదివాను కాబట్టి బతికిపోయాను.

ఇంకోటి. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన పాత రంగులో ఎంతుందో ఎవరు చూడొచ్చారు? అందుకే పొడిగా గీకలేదు. నీళ్ళతో తడుపుతూ నీటి కాగితంతో రుద్ది, ఆ మురికిని గుడ్డతో ఎత్తేశాను. ఆ రెండ్రోజులూ పిల్లల్ని అటు రానివ్వలేదు. స్ప్రే చేసేటప్పుడు మూతికి కర్చీఫ్ కట్టుకుంటే ఆవిరి ఆగదు, గుడ్డ మాస్కుకీ ఆగదు. కార్ట్రిడ్జులు బిగించే మాస్కు కావాలి. గన్ను మీద మిగిల్చిన డబ్బు దానికి పెట్టండి. మా ఇంటికి రంగులేసే మేస్త్రి ఇన్నేళ్ళూ ఏ మాస్కూ లేకుండానే కొట్టాడన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. ఈసారి ఆయన్ని పిలిస్తే కూలీతో పాటు మాస్కు కూడా మన ఖర్చే అనుకోవాలి.

జానెడు దూరం నుంచి పల్చగా మూడు కోటింగులు కొట్టాను. ఎడమ తలుపు కింద ఒకచోట రంగు కారింది, ఆత్రపడి దగ్గర్నుంచి కొట్టినందుకు. అమ్మ దాన్ని పట్టించుకోలేదు. వాసన పోయేదాకా వారం ఆగి, చీరలు మళ్ళీ సర్దుకుంది. అదీ సంగతి.